ఉప్పు లేని చారు

శవం ఇంకా స్ట్రెచర్ మీదే ఉంది.

తెల్లటి ఖద్దరు చొక్కా. గుండె నొక్కి చూడటానికి గుండీలు తెంపేశారు. ఎడమ చేతి మీద, మోచేతికి దిగువన, తాడులా ఉబ్బిన రక్తనాళం. వారానికి రెండుసార్లు డయాలసిస్ సూది గుచ్చే చోటు అది.

చొక్కా కాలర్ నుంచి జేబు దాకా పసుపుపచ్చని మరక.

ఇన్‌స్పెక్టర్ పాండీశ్వరి వంగి వాసన చూసింది. మిరియాలు. చింతపండు. ఇంగువ. చారు.

"పేరు?"

"గోవిందరాజన్ మేడమ్. అరవై ఎనిమిదేళ్లు. మసాలా పొడుల కంపెనీ ఓనర్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ శంకరన్. "పీళమేడులో సొంత ఇల్లు. ఉదయం ఎనిమిదింటికి టిఫిన్ బల్ల దగ్గర పడిపోయాడు. హాస్పిటల్‌కు తెచ్చిన పావుగంటకు పోయాడు."

"ముసలాయన, పైగా కిడ్నీ పేషెంటు. మనల్ని ఎవరు పిలిచారు?"

"నేనే పిలిచాను."

తలుపు దగ్గర డాక్టర్ ఇలక్కియ నిలబడి ఉంది. రెండేళ్లుగా గోవిందరాజన్‌కు వైద్యం చేస్తున్నది ఆమే. కోయంబత్తూరులో ఆమె కిడ్నీ డాక్టరుగా పేరున్న మనిషి. చేతిలో రక్తపరీక్ష కాగితం.

"డెత్ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టను. రక్తంలో పొటాషియం ఎనిమిది పాయింట్ ఏడు. ఐదు లోపల ఉండాల్సింది. ఇంత ఉంటే ఎవరి గుండె అయినా ఆగిపోతుంది."

"కిడ్నీలు పోయినవాళ్లకు అది పెరగడం మామూలే కదా?"

"ఈయనకు కాదు. పోయిన వారం దాకా రెండేళ్లలో ఒక్కసారి కూడా ఐదున్నర దాటలేదు. అరటిపండు ముట్టడు, ఎలనీరు, అదే కొబ్బరిబొండం నీళ్లు, ముట్టడు. ఏ పొట్లం కొన్నా భూతద్దం పెట్టి వెనకవైపు చదివిగాని నోట్లో పెట్టడు."

"మరి?"

"పోయిన శుక్రవారం డయాలసిస్‌కు వచ్చినప్పుడు ఆరు పాయింట్ నాలుగు ఉంది. ఏం తింటున్నారని అడిగాను. నవ్వాడు. 'ఉప్పే లేని చారు తాగుతున్నా డాక్టరమ్మా, మావాడు చేసిన కొత్త పొడి' అన్నాడు. నాకు మనసు ఊరుకోలేదు. కొడుక్కి ఫోన్ చేశాను. తిండిలో ఎక్కడో పొటాషియం వస్తోంది, కనుక్కోండి అని చెప్పాను."

"ఎన్ని గంటలకు?"

"మధ్యాహ్నం మూడింటికి. చూస్తానన్నాడు. శుక్రవారం రక్తం శుభ్రంగా కడిగి పంపించాను ఇన్‌స్పెక్టర్. ఇవాళ సోమవారం. మూడు రోజుల్లో ఎనిమిది పాయింట్ ఏడు ఊరికే రాదు."

పాండీశ్వరి శవం వైపు మరోసారి చూసింది. పెదవి చివర చారు ఎండిపోయి ఉంది.

"పోస్టుమార్టమ్‌కు పంపండి," అంది శంకరన్‌తో. "మనం ఇంటికి పోదాం."

* * *

గోవిందరాజన్ ఇల్లు పెద్దది. హాల్లో ముగ్గురున్నారు.

భార్య సౌందరం సోఫా అంచున కూర్చుని ఉంది. కళ్లు నేలమీద. కూతురు కృత్తిక ఆమె భుజం పట్టుకుని ఉంది. కృత్తికది మదురైలో కాపురం. గురువారం నుంచి పుట్టింట్లోనే ఉంది. కొడుకు దినకరన్ నిలబడే ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ మడత నలగని చొక్కా. రెండేళ్లుగా కంపెనీ నడిపేది అతనే.

ఆ ప్రాంతపు తెలుగువాళ్ల ఇళ్లన్నిటిలాగే అక్కడా బయటివాళ్లతో తమిళం, లోపల తెలుగు. పాండీశ్వరి పేరు చూసి, మదురై తమిళం విని, వాళ్లు ఆమెను తమిళమనిషి అనుకున్నారు. ఆమె ఆ సంగతి సరిదిద్దలేదు.

"అనుమానం ఎవరి మీద?" తమిళంలో అడిగింది.

"అనుమానం ఏముంది మేడమ్? వంటమనిషి ఇరుళాయి," అన్నాడు దినకరన్. "పోయిన వారం నాన్న తిట్టాడు. ఆ కసితో దొంగతనంగా ఎలనీరు తాగించింది. బొండాలు ఇంటి వెనకే ఉన్నాయి."

"తాగించడం మీరు చూశారా?"

"చూడాలా? బొండాలు ఉన్నాయి కదా."

"అమ్మగారూ, మీరు చూశారా?"

సౌందరం తలెత్తింది. నోరు తెరవబోయింది. దినకరన్ ఆమె వైపు వంగి, ఓదార్చేవాడిలా చేయి పట్టుకుని, మెల్లగా తెలుగులో అన్నాడు.

"ఎలనీరు మాట మీదనే నిలబడు అమ్మా. వేరే ఏమీ చెప్పొద్దు. దీనికేమి తెలుస్తుంది."

పాండీశ్వరి కనురెప్ప కదల్లేదు. మదురైలో ఆమె తండ్రి కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాడు. ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచి విన్న భాష అదే.

ఆమె పెరట్లోకి నడిచింది.

రెండు ఎలనీరు బొండాలు గోడ పక్కన పడి ఉన్నాయి. కత్తి పడిన చోటు నల్లబడి, ముడుచుకుపోయింది. లోపల చీమలు. ఇవాళ్టివి కావు. నిన్నటివీ కావు.

"అవి నేను తెచ్చినవి," వెనక నుంచి కృత్తిక అంది. "గురువారం మదురై నుంచి వచ్చేటప్పుడు దారిలో కొన్నాను. ఒకటి నేను తాగాను, ఒకటి అన్న తాగాడు."

"అన్న తాగాడా?"

"అవును. మర్చిపోయినట్టున్నాడు."

మర్చిపోలేదని పాండీశ్వరికి అనిపించింది. పైకి అనలేదు.

గిన్నెలు తోమే బండ పక్కన ఇరుళాయి ముడుచుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. చెంప మీద నాలుగు వేళ్లు తేలి ఉన్నాయి. ఆమె తల పైన, గోడకు కొట్టిన మేకుకు ఒక సొట్టలు పడ్డ అల్యూమినియం గ్లాసు వేలాడుతోంది. ఎవరిదో అడగక్కర్లేదు. ఇల్లంతటికీ వండే మనిషి నీళ్లు తాగడానికి, గడప బయట, వేరే గ్లాసు.

"ఎవరు కొట్టారు?"

ఇరుళాయి కొంగు చెంప మీదికి లాక్కుంది.

వంటింట్లో అరలన్నీ వెతికించింది పాండీశ్వరి. పసుపు ఉంది, ధనియాల పొడి ఉంది, ఇంట్లో ఎప్పుడూ వాడే మామూలు చారు పొడి డబ్బా ఉంది. గోవిందరాజన్ నవ్వుతూ చెప్పిన కొత్త పొడి మాత్రం ఎక్కడా లేదు. పొడుల కంపెనీ ఓనర్ ఇంట్లో, తాగి చనిపోయిన పొడి ఒక్కటే లేదు.

"ఆమెను జీపు ఎక్కించు," అంది శంకరన్‌తో.

దినకరన్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలోని తేలిక ఆమె చెవిన పడింది.

* * *

జీపు కదిలాక పాండీశ్వరి వెనక్కి తిరిగింది.

"పొద్దున నుంచి ఏమైనా తిన్నావా అక్కా?"

తెలుగు. ఇరుళాయి ఉలిక్కిపడి చూసింది.

"అమ్మా... మీది తెలుగు ఇల్లా?"

"ఆమా. చెప్పు. పెద్దాయనకు పొద్దున ఏమి ఇచ్చినావు?"

"చారమ్మా. కాఫీ విడిచినప్పటి నుంచి ఆయనకు పొద్దున ఒక చిన్న గిలాసు చారే. మధ్యానం, రాత్రి అన్నంలోకీ అదే. ఎలనీరు నేను ఇయ్యలేదు. మా బిడ్డ మీద ఆన."

"నువ్వు ఇయ్యలేదని తెలుసు. చారు అందరికీ ఒకటేనా?"

"అందరికీ అదే. చిన్నయ్య తాగినాడు, కృత్తికమ్మ తాగింది. మిగిలినది నేను కూడా తాగినాను. అమ్మకు మాత్రం వేరే."

"మొదటి నుంచి వేరేనా?"

"లేదు. కొత్త పొడి వచ్చిందే పోయిన బుధవారం. రెండు దినాలు అమ్మ కూడా అదే తాగింది. శుక్రవారం సాయంత్రం చిన్నయ్య వంటింట్లోకి వచ్చినాడు. ఎప్పుడూ అడుగు పెట్టని మనిషి. 'అమ్మకు ఈ పొడి వద్దు, ఇంట్లో ఉండే మామూలు పొడితో వేరే పెట్టు' అన్నాడు. సరి, కారం ఎక్కువేమో అనుకొన్నా. అప్పటి నుంచి రెండు గిన్నెలు."

"పెద్దాయనకు?"

"ఆయనకు కొత్తదే పెట్టమన్నాడు. మరవకుండా పెట్టు అన్నాడు."

పాండీశ్వరి ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంది.

"ఆ పొడి పొట్లం ఎక్కడ?"

"పెద్దయ్యను కారులో ఎక్కిస్తా ఉంటే చిన్నయ్య తీసుకుపోయినాడు. అప్పుడు ఎందుకా అనుకోలేదు." ఇరుళాయి ముందుకు వంగింది. "ఖాళీ అయినది ఒకటి మా ఇంట్లో ఉండాది అమ్మా. జిప్ వేసే కవరు, గట్టిగా ఉండాది కదా అని కడిగి కందిపప్పు పోసినాను."

జీపు ఇరుళాయి ఇంటి వైపు తిరిగింది.

* * *

కందిపప్పు గిన్నెలో పోసి, ఖాళీ పొట్లం స్టేషన్ బల్ల మీద పరిచారు.

ముందువైపు పచ్చటి ఆకు. ఎర్రటి గుండె. తెల్లజుట్టు దంపతులు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. వాళ్ల తలల మీద పెద్ద అక్షరాలు. చారామృతం. సాల్ట్ జీరో. షుగర్ జీరో. కొలెస్ట్రాల్ జీరో. ట్రాన్స్ ఫ్యాట్ జీరో.

"చారులో కొలెస్ట్రాల్ ఎందుకుంటుంది మేడమ్?" శంకరన్ అడిగాడు.

"ఉండదు. లేనిదాన్ని లేదని చెప్పడానికి ఇంతేసి అక్షరాలు. ఉన్నది చెప్పడానికి ఎంతేసి ఉన్నాయో చూద్దాం."

పొట్లం తిప్పింది. వెనకవైపు వెండిరంగు మీద బూడిదరంగు అక్షరాలు. పక్కకు వంచితే మెరుస్తాయి, నిటారుగా పెడితే మాయమవుతాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే గాని చదవడం కుదరలేదు. అన్నీ ఇంగ్లీషులోనే.

ఒక సర్వింగ్ గ్రామున్నర అని ఉంది. ఆ గ్రామున్నరకు ఏది ఎంతో ఒక పట్టిక. అన్నీ సున్నాలు, సున్నాకు దగ్గరి అంకెలు.

"గిలాసుకు ఎంత పొడి వేస్తావు అక్కా?"

"రెండు స్పూన్లు. అంతకు తక్కువైతే నీళ్ల మాదిరి ఉంటుంది."

శంకరన్ టీకొట్టు నుంచి స్పూను తెప్పించి, మిరియాల పొడి పోసి తూచాడు. రెండు స్పూన్లు తొమ్మిది గ్రాములు. పట్టికలో చూపించిన దానికి ఆరు రెట్లు. రోజుకు మూడుసార్లు.

"ఎవరు తాగుతారు మేడమ్ గ్రామున్నర చారు?"

"ఎవరూ తాగరు. అందుకే రాశారు."

దినుసుల వరస చదివింది. మిరియాలు, జీలకర్ర, చింతపండు పొడి, ధనియాలు, కందిపిండి, ఇంగువ, చివర బ్రాకెట్లలో ఇంకేవో రెండు నంబర్లు. పొటాషియం అన్న మాట కోసం మూడుసార్లు వెతికింది. ఎక్కడా లేదు.

గోవిందరాజన్ కూడా ఇలాగే వెతికి ఉంటాడు. భూతద్దం పెట్టి. లేదని నమ్మి ఉంటాడు.

సాయంత్రం కృత్తిక ఒక్కతే స్టేషన్‌కు వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"మీరు చారు పొడి కోసం వంటిల్లు వెతికించారు కదా మేడమ్. అప్పటి నుంచి ఒక సంగతి నన్ను నమిలేస్తోంది. పోయిన నెల నాన్న మదురై వచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని మాట్టుతావణి దగ్గర ఒక ఇంటికి పోయాడు. ఆరాయి అని ఒకామె. వాళ్లాయనకూ డయాలసిస్. మా పొడి తాగి పడిపోయాడని ఆమె కంపెనీకి ఫోన్ చేసిందట. అన్న పట్టించుకోలేదు. నాన్నకు ఎలాగో తెలిసింది."

"తరువాత?"

"నాన్న తిరిగి వచ్చి అన్నతో పెద్ద గొడవ పడ్డాడు. ఆ పొడి ఆపేస్తావా, నేను ఆఫీసర్లకు చెప్పనా అన్నాడు. అన్న సరే అన్నాడు. పోయిన బుధవారం కొత్త పొట్లం తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న ఫోన్‌లో ఎంత సంతోషపడ్డాడో. 'వాడు నా మాట విన్నాడు' అన్నాడు. అది చూడమనే నన్ను రమ్మన్నాడు."

* * *

మంగళవారం పొద్దున పాండీశ్వరి మదురై చేరింది.

మాట్టుతావణి కూరగాయల మార్కెట్ వెనక సన్నటి వీధి. ఆరాయి ఇంటి ముందు కుళ్లిన క్యాబేజీ ఆకుల వాసన. భర్త మార్కెట్‌లో మూటలు దించే మనిషి. ఇప్పుడు గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మాట్లాడే ఓపిక లేదు.

"గుండెకు మంచిదని అంగట్లో ఇచ్చినారమ్మా," ఆరాయి తెలుగులోనే చెప్పింది. "ఈయనకు ఉప్పు తగ్గించమన్నారు. ఉప్పు లేకుంటే ఒక్క ముద్ద దిగదు. ఈ పొడిలో ఉప్పు లేదు, రుచి ఉండాది. దేవుడే పంపినాడు అనుకొన్నా. పది దినాలకు మార్కెట్‌లోనే పడిపోయినాడు. ఐసీయూలో ఉంచినారు."

"వెనక రాసింది చదివినావా?"

"నాకు ఇంగిలీసు ఎక్కడ వస్తుంది? ముందర గుండె బొమ్మ ఉండాది. అది చాలదా?"

పాండీశ్వరి తను తెచ్చిన ఖాళీ పొట్లం బయటికి తీసింది.

"ఆ పెద్దాయన వచ్చి ఇక్కడే నేల మీద కూర్చున్నాడు. ఈయన కాళ్లు పట్టుకొని ఏడ్చినాడు. నాకూ ఇదే జబ్బు, నా సరుకుతోనే నిన్ను చంపబోయినాను అన్నాడు. మంచి మనిషి. ఎట్ల ఉన్నాడు?"

"చనిపోయినాడు అక్కా."

ఆరాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లేచి, అర మీద నుంచి ఒక పొట్లం తెచ్చింది. పాత చారామృతం. సగం పొడి ఇంకా ఉంది.

పాండీశ్వరి రెండు పొట్లాలూ పక్కపక్కన పెట్టింది. ముందువైపు ఒకే ఆకు, ఒకే గుండె, ఒకే పళ్లు. వెనకవైపు దినుసుల వరస కూడా ఒకటే. మిరియాలు, జీలకర్ర, చింతపండు, ధనియాలు, కందిపిండి, ఇంగువ. ఏడోది మాత్రం వేరే.

పాతదాంట్లో, పొటాషియం క్లోరైడ్.

కొత్తదాంట్లో, రుచి పెంచే పదార్థం, బ్రాకెట్లో 508.

పాత పొడి కాస్త వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకుంది. పులుపు. కారం. ఉప్పులాంటి రుచి. ఆ తరువాత, నాలుక మొదట్లో, తుప్పు నాకినట్టు ఒక చేదు. వీధిలోకి పోయి ఉమ్మేసింది. మళ్లీ ఉమ్మింది.

డాక్టర్ ఇలక్కియకు ఫోన్ చేసింది.

"డాక్టర్, తినే వస్తువుల మీద 508 అని రాస్తే ఏమిటి?"

"తెలియదు. ఉండండి, చూస్తాను." అవతల కీబోర్డు చప్పుడు. తరువాత గొంతు మారింది. "పొటాషియం క్లోరైడ్. అదే ఇన్‌స్పెక్టర్. పేరు తీసేసి నంబరు వేశారు. పొట్లం వెనక చదివి తినండి అని నా పేషెంట్లకు రోజూ చెప్తాను. నాకే తెలియకపోతే వాళ్లకు ఏం తెలుస్తుంది?"

"ఇంకొక ప్రశ్న. సౌందరం గారు కూడా మీ పేషెంటేనా?"

డాక్టర్ చెప్పిన జవాబు విని, పాండీశ్వరి ఫోన్ జేబులో పెట్టుకుంది.

ఆరాయికి పొడి అమ్మిన అంగడికి కూడా పోయింది. ఓనర్ భయపడుతూ తన ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించాడు. దినకరన్ డీలర్లందరికీ పంపింది. సోమవారం సాయంత్రం అవినాశి రోడ్డు హోటల్లో మీటింగ్. కింద ఇలా ఉంది: కిడ్నీ పేషెంట్ అయిన మా నాన్నగారే మీ అందరి ముందు చారామృతం తాగి చూపిస్తారు.

పాండీశ్వరి ఆ మెసేజ్‌ను రెండోసారి చదవలేకపోయింది.

* * *

బుధవారం ఉదయం పదకొండు గంటలకు అందరూ పీళమేడు ఇంటి హాల్లో ఉన్నారు.

సౌందరం, కృత్తిక, దినకరన్. డాక్టర్ ఇలక్కియ ఒక పక్క. ఇంకొక కుర్చీలో ఇరుళాయి. కూర్చోమంటే ముందు కూర్చోలేదు. పాండీశ్వరి రెండుసార్లు చెప్పాక అంచున కూర్చుంది.

"దీన్ని ఇక్కడ కూర్చోబెట్టారేమిటి?" దినకరన్ మండిపడ్డాడు.

"సాక్షి," అంది పాండీశ్వరి తమిళంలో. "మీ నాన్న చావుకు కారణం ఎలనీరు కాదు. అది గురువారం నాటి ఎలనీరు. తాగింది మీరూ మీ చెల్లెలూ. అది తెలిసే ఈమె మీద పెట్టారు."

"నాకు గుర్తులేదు."

"సరే. చారామృతంలో ఏడో దినుసు ఏమిటి?"

దినకరన్ చొక్కా కాలర్ సర్దుకున్నాడు.

"రుచి కోసం వేసేది. అందరూ వేస్తారు."

"పేరు చెప్పండి."

"508."

"దానికి నంబరు పెట్టకముందు ఏమని పిలిచేవారు?"

"పొటాషియం క్లోరైడ్!" అతను అరిచాడు. "అయితే ఏమిటి? నంబరు వేయొచ్చు. అంకె రాస్తే నేరమా? నేనూ తాగాను, కృత్తిక తాగింది, ఇదిగో ఇదీ తాగింది. ఎవరికేమైంది?"

"మీ కిడ్నీలు బాగున్నాయి. అది బయటికి పోయింది. మీ నాన్నకు పోయే దారి లేదు. మదురైలో ఒకాయన చావు అంచుకు పోయి వచ్చాడు. మీ నాన్న పొటాషియం అన్న మాట కోసమే పొట్లమంతా వెతుకుతాడని మీకు తెలుసు. అందుకే పొడి మార్చలేదు, మాట మార్చారు. ఆయన వెతికాడు, కనబడలేదు, కొడుకు మారాడని పొంగిపోయాడు."

కృత్తిక చేతుల్లో ముఖం దాచుకుంది.

"నిన్న సాయంత్రం ఫుడ్ సేఫ్టీ వాళ్లు మీ గోడౌన్‌కు సీల్ వేశారు. మూడు లారీల సరుకు ఆగింది. లేబుల్ సంగతి వాళ్లు తేలుస్తారు. నేను వచ్చింది దానికి కాదు. శుక్రవారం సాయంత్రం కోసం వచ్చాను."

"శుక్రవారం ఏమైంది?"

"మూడింటికి డాక్టర్ ఫోన్ చేశారు. మీ నాన్న తిండిలో పొటాషియం వస్తోందని చెప్పారు. ఎక్కడి నుంచి వస్తోందో ఈ ఊళ్లో తెలిసినవాళ్లు మీరొక్కరే. ఆ సాయంత్రమే మీరు వంటింట్లోకి పోయారు."

దినకరన్ కళ్లు ఇరుళాయి వైపు తిరిగాయి.

పాండీశ్వరి అతన్ని వదిలేసి సౌందరం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తెలుగులో అడిగింది.

"అమ్మా. శుక్రవారం రాత్రి నుంచి మీకు వేరే చారు ఏమిటికి పెట్టించినాడు?"

దినకరన్ ముఖం పాలిపోయింది. సోమవారం తను అన్న మాటలు అతనికి ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి.

సౌందరం పాండీశ్వరి ముఖంలోకి చూసింది.

"నాకు కారం పడదని... అని చెప్పినాడు." ఆమె కొడుకు వైపు చూసింది. "నాకు కారం పడకుండా ఎప్పుడు ఉండిందిరా?"

"సౌందరం గారు నా పేషెంట్," డాక్టర్ ఇలక్కియ తమిళంలో అంది. "కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి. ఆమె వేసుకునే బీపీ మాత్రకు పొటాషియం తోడైతే ప్రమాదం. ఆ సంగతి ఆరు నెలల కిందటే దినకరన్‌కు విడమరిచి చెప్పాను. ఆమెను తీసుకొచ్చేది ఆయనే."

"ఈ ఇంట్లో పొటాషియం పడనివాళ్లు ఇద్దరు," అంది పాండీశ్వరి లేచి నిలబడుతూ. "ఫోన్ వచ్చిన సాయంత్రమే ఒకరి గిన్నె మార్చారు. రెండో గిన్నె మార్చలేదు. మరవకుండా పెట్టు అని కూడా చెప్పారు. రెండు గిన్నెల చారు గురించి ఇరుళాయి నాకు సోమవారమే చెప్పింది. పేషెంటుకు వేరే వండారనుకుంటారు ఎవరైనా. కాదు. పేషెంటుకు అందరి చారే. వేరే వండింది సౌందరం గారికి."

"నేను చంపాలనుకోలేదు!"

దినకరన్ తమిళం మరిచిపోయాడు. తల్లి వైపు తిరిగి తెలుగులో గబగబా మొదలుపెట్టాడు.

"అమ్మా, నాయనకు డయాలసిస్ ఉండాది కదా! మంగళవారం ఎట్లాగూ కడిగేస్తారు. మీటింగ్ అయ్యేదాకా, నాలుగు దినాలు, అంతే అనుకొన్నా. మధ్యలో ఆపితే నాయనకు తెలిసిపోతుంది. డీలర్ల ముందర తాగడు. కంపెనీ పోతుంది. నీకు డయాలసిస్ లేదు, నీకు కడిగే దారి లేదు, అందుకే నిన్ను మాత్రం..."

అక్కడ ఆగిపోయాడు.

చెప్పింది ఏమిటో అప్పుడు అర్థమైంది అతనికి. శంకరన్‌కు తెలుగు ఒక్క మాట తెలియదు. అయినా అతనూ లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పాండీశ్వరికి ఆ మనిషి పక్కన నిలబడాలంటే రోత పుట్టింది. ఆమె ఈ ఉద్యోగంలో కత్తులు చూసింది, విషం సీసాలు చూసింది. వాటిని పట్టుకున్న చేతులు వణకడం చూసింది. ఇతను రోజూ నాయన ఎదుట కూర్చుని, అదే చారు తాగుతూ, ఆ గ్లాసు ఖాళీ అవుతుంటే చూశాడు. లోపల లెక్క వేసుకుంటూ.

"తీసుకుపో," అంది.

శంకరన్ దినకరన్ భుజం మీద చేయి వేశాడు. అతను "అమ్మా" అన్నాడు. సౌందరం తల తిప్పలేదు. అతని చెప్పుల చప్పుడు గేటు దాటేదాకా ఆమె అలాగే ఉంది.

తరువాత ఇరుళాయి వైపు చూసింది.

"నిన్ను కొట్టింది వాడే కదా?"

ఇరుళాయి తల ఊపింది.

"నేను చూస్తా ఉన్నా. నోరెత్తలేదు." సౌందరం కళ్లు తుడుచుకుని పాండీశ్వరి వైపు తిరిగింది. "వాడు శుక్రవారం నుంచి చేసినది, నాతో చెప్పించినది, అంతా చెప్తాను తల్లీ. కాగితం తీసుకో. నీకు తెలుగు రాసేది వస్తుందా?"

"రాదమ్మా. మా ఇంట్లో ఎవరికీ రాదు. మీరు మన మాటలోనే చెప్పండి. నేను తమిళంలో రాసి, చదివి వినిపిస్తాను."

"నాకూ రాదు. సరి, రాసుకో."

పాండీశ్వరి పెన్ను మూత తీసింది. కృత్తిక వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"నా పేరు సౌందరం," అంది ఆమె. "చనిపోయినది నా మొగుడు. చంపినది నా కొడుకు. ముందు అది రాయి."